ఉయ్యాల్లో పదహారు గంటలు

పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. అయినా ఆ ఇంట్లో తల్లికి వరసగా నాలుగు గంటలు కన్ను మూతపడదు. ఈ రెండు మాటలూ నిజమే. బిడ్డ నిద్ర ఒక్క పట్టున సాగదు. గంటో, రెండు గంటలో, మహా అయితే మూడు గంటలో పడుకుని లేస్తుంది, పాలు తాగి మళ్లీ కళ్లు మూస్తుంది. పగలూ రాత్రీ ఇదే వరస. దీన్ని చూసి బిడ్డకు దిష్టి తగిలిందని ఒకరు, పాలు చాలడం లేదని ఇంకొకరు అంటారు. ఆ మాటలన్నీ గుచ్చుకునేది బాలింతకే. పసికందు నిద్ర ఎలా నడుస్తుందో ఇంటిల్లిపాదికీ తెలిస్తే ఆ దిగులులో సగం తీరిపోతుంది. అందుకోసమే ఈ విశేషాలు.

గంటకోసారి పైకి తేలే నిద్ర

మన నిద్ర దాదాపు 90 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. పసికందుకు ఆ చుట్టు 50 నుంచి 60 నిమిషాలే. ప్రతి చుట్టు చివరా నిద్ర పలచబడుతుంది. అప్పుడు పొట్ట ఖాళీగా ఉన్నా, గుడ్డ తడిసినా బిడ్డ పూర్తిగా లేచిపోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. పెద్దవాళ్లు ముందు గాఢనిద్రలోకి వెళ్లి, ఆ తర్వాత కలల నిద్రలోకి వస్తారు. పసిబిడ్డ నేరుగా పలచటి నిద్రలోకే జారుతుంది. ఒళ్లో కళ్లు మూసిన పాపాయి పక్క మీదికి చేర్చగానే కెవ్వుమనేది ఇందుకే. తల్లి పడుకోబెట్టడంలో తప్పేమీ లేదు.

నిద్రశాస్త్రానికి దారి చూపిన కనురెప్పలు

1950ల తొలినాళ్లలో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థికి ఆచార్యుడు నథానియెల్ క్లైట్‌మన్ ఒక పని అప్పగించాడు. నిద్రపోయే పసిపిల్లల కనురెప్పల్ని గమనిస్తూ కూర్చోవడమే ఆ పని. మూసిన రెప్పల కింద కళ్లు కొంతసేపు అటూ ఇటూ పరుగెడుతున్నాయి, కొంతసేపు కదలకుండా ఉంటున్నాయి. ఆ తర్వాత అసెరిన్‌స్కీ తన కొడుకునూ, పెద్దవాళ్లనూ యంత్రాలతో పరీక్షించాడు. వాళ్లలోనూ అదే కనిపించింది. 1953లో ఈ ఇద్దరూ ప్రకటించిన ఆ విషయాన్నే ఇవాళ ప్రపంచమంతా రెమ్ నిద్ర అంటోంది. కలల నిద్ర గురించి మనకు తెలిసినదంతా ఆ పసివాళ్ల రెప్పల దగ్గర మొదలైంది.

పెద్దవాళ్ల నిద్రలో రెమ్ వాటా నాలుగో వంతు లోపే ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అది సగం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువ. ఇంత ఎక్కువ ఎందుకు? పసివాళ్ల మెదడు ఎదుగుదలకు ఈ నిద్రే లోపలి నుంచి ప్రేరణ ఇస్తుండాలని 1966లో రాఫ్‌వార్గ్, ముజియో, డిమెంట్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రతిపాదించారు. అయోవా విశ్వవిద్యాలయంలో మార్క్ బ్లంబర్గ్ బృందం చాలా ఏళ్లుగా ఎలుక పిల్లల్లోనూ, పసిపిల్లల్లోనూ నిద్రలో వచ్చే చిన్న చిన్న కుదుపుల్ని గమనిస్తోంది. వేలు అదిరినా, కాలు విదిలించినా ఆ కబురు మెదడుకు చేరుతుందనీ, ఏ అవయవం ఎక్కడుందో మెదడు అలా నేర్చుకుంటుందనీ ఆ బృందం అంటుంది.

పాపాయి నిద్రలో పెదవి విరిచి నవ్వితే మన పెద్దవాళ్లు దేవుడు నవ్విస్తున్నాడంటారు. ఆ నవ్వులూ, మూలుగులూ, చప్పరింతలూ, ముఖం చిట్లించడాలూ అన్నీ ఈ చురుకైన రెమ్ నిద్రలోవే. బిడ్డ కదిలిందని, కూసిందని వెంటనే ఎత్తుకుంటే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టవుతుంది. ఒక్క నిమిషం ఆగి చూడండి. చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది.

ఊపిరి కూడా ఈ నిద్రలో ఒక తీరుగా ఉండదు. గబగబా నాలుగు ఊపిర్లు తీసుకుని, అయిదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. కొత్త తల్లుల గుండె ఆగినంత పనవుతుంది కానీ మొదటి నెలల్లో ఇది మామూలే. 20 సెకన్లకు మించి ఆగినా, పెదవులు నీలంగా మారినా మాత్రం మామూలు కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్రలోనూ చదువే

2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం ఫైఫర్ బృందం పుట్టి ఒకటి రెండు రోజులే అయిన పిల్లలు నిద్రపోతుండగా ఒక శబ్దం వినిపించి, వెంటనే కనురెప్ప మీదికి చిన్నగా గాలి ఊదింది. కాసేపటికే శబ్దం వినబడితే చాలు, గాలి లేకపోయినా పిల్లలు రెప్ప బిగించసాగారు. పూర్తిగా నిద్రలో ఉండే నేర్చుకున్నారన్నమాట. అంతకుముందు 2002లో ఫిన్లండ్ పరిశోధకులు నిద్రపోయే పసికందులు రాత్రికి రాత్రి దగ్గరదగ్గరి అచ్చుల మధ్య తేడా పట్టగలుగుతున్నారని చూపారు. ఊరికే పడుకుని ఉందనుకునే బిడ్డ నిజానికి ఒక్క క్షణం ఊరికే లేదు.

పగలేదో రాత్రేదో

కడుపులో ఉన్నంతకాలం రాత్రి వచ్చిందన్న కబురు తల్లి రక్తంలోని మెలటోనిన్ ద్వారా బిడ్డకు అందుతుంది. బొడ్డు కోయగానే ఆ కబురు ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో సొంతంగా మెలటోనిన్ వేళకు తయారవడం మొదలయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా అర్ధరాత్రి కళ్లు విప్పార్చుకుని ఆడుకునే బిడ్డను మొండిదనడం అన్యాయం.

ఈ లోటును కొంతవరకు పూడ్చేది తల్లిపాలు. రాత్రి పాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. ఉద్యోగానికి వెళుతూ పాలు పిండి దాచే తల్లులు సీసా మీద వేళ రాసిపెట్టుకుని, రాత్రి పాలు రాత్రే పట్టడం మంచిదని కొందరు నిపుణులు చెప్పేది అందుకే.

రెండో సాయం వెలుతురు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కువ వెలుతురు చూసిన పిల్లలు రాత్రి బాగా నిద్రపోయారని 2004లో ఇంగ్లండ్‌లో ఇవోన్ హ్యారిసన్ చేసిన పరిశీలనలో తేలింది. మన ఇళ్లలో పురిటి గది తలుపులు, కిటికీలు మూసి రోజుల తరబడి చీకటిగా ఉంచడం ఇంకా కనిపిస్తుంది. గాలి సోకకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది కానీ బిడ్డకు పగలంటే ఏమిటో ఆ చీకట్లో తెలియదు. నేరుగా ఎండ పడకుండా కిటికీ తెరవండి. పగలు మాటలూ గిన్నెల చప్పుళ్లూ మామూలుగా సాగనివ్వండి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం చాలు. కబుర్లు, ఆటలు, సెల్‌ఫోన్ వెలుగు వద్దు.

వెల్లకిలా అన్న ఒక్క మాట విలువ

బెంజమిన్ స్పాక్ రాసిన పిల్లల పెంపకం పుస్తకం ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన పుస్తకాల్లో ఒకటి. 1950లలో వచ్చిన కూర్పులో ఆయన బిడ్డను బోర్లా పడుకోబెట్టమన్నారు. వెల్లకిలా పడుకుంటే వాంతి గొంతుకు అడ్డం పడుతుందన్నది ఆయన భయం. అప్పటికి అది సబబుగానే తోచింది. పాశ్చాత్య దేశాల్లో తల్లిదండ్రులు అదే పాటించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నిద్రలోనే చనిపోవడం ఆ దేశాల్లో పెద్ద సమస్యగా మారింది.

1987లో నెదర్లాండ్స్ బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పడం మొదలుపెట్టింది. న్యూజిలాండ్ కూడా ఆ దారి పట్టింది. బ్రిటన్‌లో టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ 1991లో నాలుగు నెలల కొడుకును ఇలాగే పోగొట్టుకున్నారు. న్యూజిలాండ్‌కు తెలిసిన సంగతి తన దేశంలో తల్లులకు ఎందుకు తెలియలేదని ఆమె ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ ఏడాది చివరికల్లా వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం టీవీల్లోకి వచ్చింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో ఇదే సలహా ఇచ్చింది, 1994లో అక్కడా దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. ఈ దేశాల్లో నిద్రలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఒక్క మందు లేదు, యంత్రం లేదు, పడుకోబెట్టే తీరు మారింది, అంతే.

ఇందులో మనసును కలచే సంగతి ఇంకొకటి ఉంది. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నింటినీ ఒకచోట పేర్చి చూసిన రూత్ గిల్బర్ట్ బృందం, బోర్లా పడక ప్రమాదకరమని 1970 నాటికే తెలుసుకోగలిగేవారని 2005లో రాసింది. అప్పుడే మేలుకుని ఉంటే ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కనీసం 50,000 మంది పసివాళ్లు బతికేవారని ఆ బృందం అంచనా. పిల్లల విషయంలో ఎంత పెద్దవాళ్లు చెప్పిన సలహానైనా పరీక్షించి చూడాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి వాంతి సంగతి? వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి ఎగబాకడం అంత తేలిక కాదు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, ఆపైన వెల్లకిలా పడుకోబెడితే సరిపోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టినా బిడ్డ బోర్లా దొర్లవచ్చు, అదీ వద్దు.

ఆవాల దిండు, చీర ఉయ్యాల

తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపిన చిన్న దిండు వేయడం మనకు అలవాటు. ఏడాది నిండని బిడ్డ పక్కలో ఏ దిండూ ఉండకూడదని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. తల చదునవుతుందన్న బెంగ ఉంటే మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని, కొద్దికొద్దిసేపు బోర్లా వేయండి. మెడ, భుజాలు కూడా గట్టిపడతాయి. పడుకోబెట్టేటప్పుడు తల ఒకరోజు ఒక వైపు, మర్నాడు రెండో వైపు ఉండేలా చూడండి.

పాత చీర ఉయ్యాల మెత్తన, చల్లన. తెలంగాణలో తొట్టెల వేడుక, ఆంధ్రలో ఉయ్యాలలో వేసే వేడుక దాని చుట్టూ జరిగేవే. నాకూ ఆ ఉయ్యాలంటే ఇష్టమే. కానీ పసికందు మెడ నిలవదు. చీర మడతలో ఒళ్లు వంగి గడ్డం గుండెకు ఆనితే ఊపిరి ఆడదు. ఎవరో ఒకరు కళ్లెదుట ఉన్నంతసేపే ఉయ్యాల. రాత్రి నిద్రకు చదునైన, గట్టి పక్కే మేలు. అమెరికా అయితే ఏటవాలుగా ఉండే పిల్లల పడకల్ని 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది.

పురుడు పోయడానికి డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్లే అమ్మమ్మలకు ఇక్కడే కూతురితో మాట పట్టింపు వస్తుంది. దుప్పటి లేదు, దిండు లేదు, బొమ్మ కూడా లేదు, బోడి పరుపు మీద బిడ్డను పడుకోబెడతారా అని వాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మమ్మా, ఆ బోడి పరుపే బిడ్డకు రక్ష.

పక్కలో పాపాయి

బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టడం మనకు ఎన్నడూ లేదు. ఈ విషయంలో మన అలవాటే గెలిచింది. కనీసం ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే చెబుతోంది. అయితే ఒకే పరుపు మీద కాదు, పక్కన వేరే పడక మీద. తల్లీబిడ్డల నిద్రను జీవితమంతా పరిశీలించిన జేమ్స్ మెకెన్నా వంటి శాస్త్రవేత్తలు పాలిచ్చే తల్లి పక్కన బిడ్డ పడుకోవడం మానవజాతికి సహజమేనని వాదిస్తారు. ఈ వాదం తెగలేదు. తెగిన సంగతులు కొన్ని ఉన్నాయి. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం అన్నింటికంటే ప్రమాదం. పొగతాగేవాళ్లు, మద్యమో నిద్రమాత్రో తీసుకున్నవాళ్లు బిడ్డ పక్కన పడుకోకూడదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పక్కలో ప్రమాదం ఎక్కువ.

న్యూజిలాండ్‌లో మావోరీ తెగవాళ్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. డేవిడ్ టిపెనె-లీచ్ అనే వైద్యుడూ, అల్లిక కళాకారులూ కలిసి నారతో 'వహకురా' అనే చిన్న బుట్ట తయారుచేశారు. అందులో పడుకున్న బిడ్డను తల్లి పక్క మీదే ఉంచుకోవచ్చు. దగ్గరగా ఉంటుంది, ఎవరి ఒళ్లూ మీద పడదు. ఫిన్లండ్ 1938 నుంచి తల్లులకు బట్టలతో ఒక అట్టపెట్టె ఇస్తోంది. అడుగున పరుపు ఉంటుంది. చాలామంది ఫిన్లండ్ పిల్లల తొలి పడక ఆ పెట్టే.

మే నెలలో ఊలు టోపీ

కర్నూలులో, ఖమ్మంలో ఎండ మండిపోతుంటే కూడా బిడ్డకు టోపీ, స్వెటరు, మేజోళ్లు, ఆపైన దుప్పటి. పసికందు ఒంట్లో వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి తల. ఒళ్లు ఎక్కువగా వేడెక్కితే నిద్రలో మరణాల ముప్పు పెరుగుతుందని తేలింది. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయని కంగారుపడవద్దు, అవి అలాగే ఉంటాయి. మెడ వెనకో, గుండె మీదో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టి ఉంటే బట్టలు తగ్గించండి. ఫ్యాను వేసుకోవచ్చు. గాలి ముఖానికి సూటిగా కొట్టకుండా చూసుకుంటే చాలు.

బరువు తక్కువ పిల్లల సంగతి వేరు, వాళ్లకు వెచ్చదనమే ప్రాణం. ఆ వెచ్చదనానికి దుప్పట్ల కంటే తల్లి గుండె మేలు. 1970ల చివర కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే సనాబ్రియా అనే వైద్యుడు బిడ్డల్ని తల్లి ఛాతీకి ఆనించి కట్టించాడు. అదే కంగారూ సంరక్షణ. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. నాన్న ఛాతీ కూడా ఇందుకు పనికొస్తుంది.

అయిదు నిమిషాల నడక

జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం ఏడుస్తున్న పిల్లల మీద ప్రయోగం చేసి 2022లో ఒక చిట్కా చెప్పింది. బిడ్డను ఎత్తుకుని అయిదు నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టకుండా మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో ఉంచుకుని కూర్చోవాలి. అప్పుడు దించితే లేవడం తక్కువ. ప్రయోగం చిన్నదే, 21 మంది పిల్లలతో చేసింది. ఖర్చేమీ లేదు కనుక ప్రయత్నించవచ్చు.

పొత్తిళ్లలో చుడితే పిల్లలు ఉలిక్కిపడటం తగ్గుతుంది. ఆ ఉలికిపాటును 1918లో వర్ణించిన ఆస్ట్రియన్ వైద్యుడు ఎర్న్‌స్ట్ మోరో పేరుతోనే పిలుస్తారు. కాళ్లు మాత్రం కప్పలా విచ్చుకునేంత వదులుగా చుట్టాలి, లేకపోతే తుంటి కీలు చెడిపోవచ్చు. దొర్లే ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం మానాలి.

లండన్‌లో 1990లో జరిగిన ఒక పరీక్షలో హోరు శబ్దం వినిపించిన 20 మంది పసికందుల్లో 16 మంది అయిదు నిమిషాల్లో నిద్రపోయారు. వినిపించని 20 మందిలో అయిదుగురే పడుకున్నారు. అయితే సెల్‌ఫోన్‌లో ఆ హోరు పెట్టి బిడ్డ చెవి పక్కన ఉంచడం చెవికి చేటు. దూరంగా, చిన్నగా పెట్టి, పడుకోగానే ఆపేయాలి.

నువ్వుల నూనె, సాంబ్రాణి

ఢిల్లీలో 125 మంది ఆరు వారాల పిల్లలకు రకరకాల నూనెలతో నాలుగు వారాలు మర్దన చేసి చూశారు. మర్దన చేయించుకున్న పిల్లలు బాగా నిద్రపోయారు, నువ్వుల నూనెకు ఎదుగుదలలో మంచి ఫలితం కనిపించింది. ఈ అధ్యయనం 2000లో అచ్చయింది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లుపోసే అమ్మమ్మ చేతికి అది తగిన గౌరవం. తర్వాత వేసే సాంబ్రాణి పొగ మాత్రం మానాలి. ఏ పొగైనా పసి ఊపిరితిత్తులకు పొగే.

నిద్రపుచ్చే సీసాలు

1849లో అమెరికాలో మిసెస్ విన్‌స్లో పేరుతో ఒక సిరప్ అమ్మకానికి వచ్చింది. తాగించగానే బిడ్డ ఏడుపు ఆగేది, ఎందుకంటే అందులో మార్ఫిన్ ఉండేది. ఎందరో పిల్లలు మళ్లీ లేవలేదు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు నల్లమందు గోలీలు పెట్టి పనికి పోయేవారు. చూసుకునే దిక్కు లేక చేసిన పని అది. మన ఇళ్లలో కనిపించే గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో పుట్టింది, ఒకప్పుడు అందులోనూ ఆల్కహాల్ కలిపేవారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. వైద్యుడు చెప్పకుండా నిద్ర కోసం ఒక్క చుక్క మందు కూడా వేయవద్దు.

లాలి

నాలుగు వేల ఏళ్ల కిందటి బాబిలోనియా మట్టిపలక మీద ఒక జోలపాట దొరికింది. మనకు అన్నమయ్య పదిహేనో శతాబ్దంలోనే లాలిపాటలు ఇచ్చాడు. తెలియని భాషలో పాడినా జోలపాట వింటే పిల్లల గుండె వేగం తగ్గుతుందని హార్వర్డ్ పరిశోధకులు చూపారు. కాబట్టి గొంతు బాగా లేదని మొహమాటపడకుండా పాడండి.

రాత్రంతా ఎప్పుడు?

"మా వాడు నెలకే రాత్రంతా పడుకున్నాడు" అని ఎవరైనా అంటే నొచ్చుకోవద్దు. కెనడాలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలల వయసుకు కూడా వందలో 38 మంది పిల్లలు వరసగా ఆరు గంటలు నిద్రపోలేదు. లేచే పిల్లల ఎదుగుదలలో ఏ లోటూ కనబడలేదు. ఏడుపు కూడా ఆరో వారం దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుందని బ్రేజల్టన్ అనే వైద్యుడు 1962లోనే నమోదు చేశాడు.

ఇందాకా నిద్రపోని బిడ్డ గురించి చెప్పుకున్నాం. అతిగా నిద్రపోయే బిడ్డ సంగతి అంతకంటే ముఖ్యం. పసికందు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగాలి. పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా మూడు నాలుగు గంటలు దాటితే లేపి మరీ పట్టాలి. కామెర్లున్న బిడ్డ మత్తుగా పడుకుంటుంది, బుద్ధిమంతురాలని మురిసిపోయి వదిలేయకూడదు. పాలు తాగకపోయినా, తట్టినా కదలకపోయినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా అది ఆసుపత్రికి వెళ్లాల్సిన సమయం. ఆసుపత్రిలో ప్రసవమైన బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. మీ అనుమానాలన్నీ ఆమెను అడగండి. ఆ రోజు దాకా ఆగలేని పరిస్థితి అయితే అర్ధరాత్రైనా సరే, 108కి ఫోన్ చేయండి.